పురుగు పడిన రోజు ఫోన్లో దొరకాల్సిన పేజీ: ట్యాబులు, బుక్‌మార్కులు సర్దుకునే పద్ధతి

క్రోమ్‌లో ట్యాబులు, బుక్‌మార్కులు ఎట్లా సర్దుకోవాలో పై వీడియోలో ఫోన్ తెర మీదే చూపించినాను. అందులో వేగంగా పోయిన సంగతులు ఇక్కడ నిదానంగా రాస్తున్నా. సేద్యం చెప్పే చోట ఈ సెల్‌ఫోన్ గోలేంది అనుకోవద్దు, ఇది కూడా సేద్యం పనే.

జమ్మలమడుగు పక్క నల్లరేగడిలో శనగ పూతకొచ్చిందంటే పచ్చపురుగు వెనకే వస్తుంది. పురుగు చిన్నగా ఉన్నప్పుడే కషాయం పని చేస్తుంది. కొన్నాళ్లు పోతే కాయకు బొక్క పెట్టి తల లోపలికి దూరుస్తుంది, అప్పుడు పైన ఏం కొట్టినా అందదు. ఆ రోజు చేనికాడ నిలబడి, పోయిన నెల చూసిన కషాయం పేజీ కోసం వెతికితే ఏమవుతుంది? ట్యాబ్ ఉంటుంది, దాన్ని నొక్కితే తెల్ల తెర వస్తుంది.

ఎందుకంటే, ట్యాబ్ తెరిచి ఉన్నంత మాత్రాన పేజీ ఫోన్లో దాచినట్టు కాదు. మెమరీ చాలకపోతే ఫోన్ పాత ట్యాబుల్లోని పేజీలను తీసేస్తుంది, పేరు మాత్రం మిగులుతుంది. మళ్లీ నొక్కినప్పుడు ఇంటర్నెట్ నుంచి కొత్తగా తెచ్చుకోవాలి. సిగ్నల్ లేని చేనిలో అది జరగదు. పైగా ఆండ్రాయిడ్ క్రోమ్ కొత్త రకాల్లో, మామూలుగా 21 రోజులు ముట్టుకోని ట్యాబులను అదే తీసి పక్కన పెడుతుంది. చాలామంది ఫోన్లలో పైన గడిలో అంకె బదులు నవ్వు ముఖం గుర్తు కనిపిస్తుంటుంది. అది అలంకారం కాదన్నా, ట్యాబులు 99 దాటినాయని అర్థం!

ట్యాబ్ అసలు పని పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం. జీవామృతమే తీసుకోండి. 200 లీటర్ల నీళ్లకు పేడ 10 కిలోలు, బెల్లం 2 కిలోలు, పప్పుల పిండి 2 కిలోలని దాదాపు అందరూ ఒకే మాట చెప్తారు. మూత్రం దగ్గరికి వచ్చేసరికి ఒకరు 5 లీటర్లంటారు, ఇంకొకరు 10 అంటారు. రెండు పేజీలూ రెండు ట్యాబుల్లో తెరిచి చూసుకోండి. ఏదో ఒకటి తేల్చుకున్నాక దాన్ని బుక్‌మార్క్ చేసి, రెండు ట్యాబులూ మూసేయండి.

బుక్‌మార్క్ చేయడం సులువే. కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కితే నక్షత్రం గుర్తు వస్తుంది, దాన్ని నొక్కితే సరి. కానీ అక్కడితో వదిలేస్తే ఆర్నెల్లకు అదీ ఒక చెత్తకుప్ప అవుతుంది. వెంటనే కింద వచ్చే ‘ఎడిట్’ నొక్కి పేరు మార్చండి. పేజీ పేరు ఇంగ్లీషులో బారెడు ఉంటుంది, మనకు అక్కర్లేదు. ‘శనగ పచ్చపురుగు కషాయం’ అని తెలుగులో పెట్టుకుంటే తర్వాత ఆ మాట కొట్టగానే దొరుకుతుంది. ఫోల్డర్లు మీ పైరును బట్టి చేసుకోండి. పులివెందుల వాళ్లయితే చీనీ, అరటి. ప్రొద్దుటూరు కేసీ కాలువ కింద ఉంటే వరి. కషాయాలకు ఒకటి, పొలం కాగితాలకు ఒకటి ఎవరికైనా ఉండాల్సిందే. నా లెక్కలో ఐదారు ఫోల్డర్లు చాలు. ఇరవై చేసుకుంటే వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకో సంగతి. బుక్‌మార్క్ అనేది చిరునామా మాత్రమే, ఇల్లు కాదు. రాసినవాళ్లు పేజీ తీసేస్తే మీ బుక్‌మార్క్ ఉండీ లేనట్టే. కాబట్టి మోతాదులున్న పేజీలను అదే మూడు చుక్కల్లో కిందికి చూపే బాణం గుర్తు నొక్కి డౌన్‌లోడ్ చేసుకోండి. అప్పుడు సిగ్నల్ లేకున్నా తెరుచుకుంటుంది. కొలతలు మాత్రం ఒక కాగితం మీద కూడా రాసి మందు కలిపే డ్రమ్ము దగ్గర పెట్టుకోండి. ఛార్జింగ్ అయిపోయిన ఫోన్ ఏ కషాయమూ చెప్పదు.

వీడియోలకూ ఒక చిట్కా ఉంది. నలభై నిమిషాల వీడియోలో మనకు కావాల్సింది రెండు నిమిషాలే ఉంటుంది. కంప్యూటర్‌లో యూట్యూబ్ కింద ‘షేర్’ నొక్కితే ‘స్టార్ట్ యాట్’ అని గడి కనబడుతుంది. దానికి టిక్ పెట్టి ఆ లింకును వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుంటే, సరిగ్గా ఆ చోటి నుంచే వీడియో మొదలవుతుంది.

ఇక పొలం కాగితాల ఫోల్డర్. దీని దగ్గర మాత్రం జాగ్రత్త. అడంగల్, 1బీ కోసం మీభూమి అని ప్రతిసారీ గూగుల్‌లో వెతికి, పైన ఏది వస్తే అది నొక్కే అలవాటు మంచిది కాదు. అదే పేరు పెట్టుకున్న వేరే సైట్లు కూడా వెతుకులాటలో వస్తాయి. అసలు సైటు చిరునామా ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని ముగుస్తుంది. ఒక్కసారి నిదానంగా చూసి, దాని మొదటి పేజీని బుక్‌మార్క్ చేసి, ఎప్పుడైనా అందులోనుంచే పోండి. లోపలి పేజీని గుర్తు పెట్టుకుంటే చాలాసార్లు పని చేయదు, కాసేపటికి గడువు తీరిపోయిందని చెప్తుంది. తెలియని చోట ఆధార్ నంబరు, ఓటీపీ కొట్టినాక చేసేదేమీ ఉండదు.

బుక్‌మార్కులు మీ జీమెయిల్ ఖాతాతో సింక్ అయ్యేలా పెట్టుకుంటే, ఫోన్ బావిలో పడినా కొత్త ఫోన్‌కు అవన్నీ వచ్చేస్తాయి. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో మాత్రం ఆ ఖాతా తెరిచి వదిలి రావద్దు.

పొరపాటున ట్యాబ్ మూసుకుపోతే భయపడొద్దు. మూడు చుక్కల్లో ‘రీసెంట్ ట్యాబ్స్’ చూడండి, అక్కడ ఉంటుంది. కంప్యూటర్‌లో అయితే కంట్రోల్, షిఫ్ట్, టి మూడూ కలిపి నొక్కితే మూసినది మళ్లీ తెరుచుకుంటుంది.