డాక్టరు విడిగా మాట్లాడతానంటే...

ఏళ్ల తరబడి పొత్తికడుపులో నొప్పి. స్కానింగ్‌లో, రక్తపరీక్షల్లో ఏమీ తేలదు. కలయిక అంటేనే భయం. లోపలి పరీక్ష అనగానే ఒళ్లు బిగుసుకుపోతుంది. ఇలాంటి ఇబ్బందితో మీరు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లారనుకోండి. వెంట అత్తగారో, భర్తో ఉన్నారు. డాక్టరు అడిగిన ప్రతిదానికీ మీకంటే ముందు వాళ్లే జవాబు చెబుతున్నారు. అప్పుడు డాక్టరు ‘కాసేపు ఈవిడతో విడిగా మాట్లాడాలి’ అంటే కంగారు పడకండి. అదీ వైద్యంలో భాగమే.

ఎందుకు అడుగుతారు?

చిన్నతనంలో లైంగిక వేధింపులకు గురైనవారిలో, ఇంట్లో హింస అనుభవిస్తున్నవారిలో దీర్ఘకాలిక పొత్తికడుపు నొప్పి, కలయికలో నొప్పి, సుఖవ్యాధులు, కుంగుబాటు ఎక్కువగా కనిపిస్తాయి. అలాగని ఈ లక్షణాలున్న అందరూ హింసకు గురైనట్టు కాదు. కారణం ఏదైనా మీ నొప్పి మాత్రం నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన 18-49 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యారు. అడిగితే తప్ప చాలామంది ఈ సంగతి బయటపెట్టరు.

చెప్పి తీరాలా?

అక్కర్లేదు. అది మీ ఇష్టం. వివరాలన్నీ చెప్పలేకపోతే ‘గతంలో ఓ చేదు అనుభవం ఉంది, పరీక్షంటే భయం’ అన్నా చాలు. ఏం చేయబోతున్నారో ముందే చెప్పమనండి. పక్కన నర్సును ఉండమనండి. మధ్యలో ‘ఆపండి’ అనే హక్కు మీకుంది. అత్యవసరం కాకపోతే పరీక్ష మరో రోజుకి వాయిదా వేసుకోవచ్చు. మీరు చెప్పింది ఎవరెవరికి తెలుస్తుందో ముందే అడగండి. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక వేధింపులు జరిగినట్టు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం డాక్టరు ఫిర్యాదు చేయాల్సి ఉంటుంది.

మంచి డాక్టరు మీ మాట నమ్ముతారు, తప్పు మీది కాదంటారు. ‘నువ్వెందుకు ఊరుకున్నావ్?’ అని నిలదీయరు. మీ డాక్టరు అలా నిలదీస్తే మరొకరిని సంప్రదించండి.

ఇంట్లోవాళ్లూ... మీకో మాట

బయట కూర్చోమంటే నొచ్చుకోవద్దు. అది మిమ్మల్ని అనుమానించడం కాదు. ఇంటికొచ్చాక ‘ఏం అడిగారు? ఏం చెప్పావ్?’ అని ఆరా తీయొద్దు.

సాయం ఎక్కడ?

మహిళా హెల్ప్‌లైన్ 181. ప్రమాదంలో ఉంటే 112. సఖి కేంద్రాల్లో వైద్యసాయం, కౌన్సెలింగ్, న్యాయసలహా, తాత్కాలిక వసతి దొరుకుతాయి. మీ ఫోన్ ఇంట్లో ఎవరైనా చూస్తారనుకుంటే ఆసుపత్రి నుంచే మాట్లాడించమని డాక్టరును అడగండి.