పిల్లి ఉన్న ఇంట్లో అక్వేరియం: ముప్పు పంజా ఒక్కటే కాదు

గాజు వెనక గోల్డ్‌ఫిష్ కదులుతుంటే పిల్లి దాని మీది నుంచి చూపు తిప్పుకోదు. కదిలేదాన్ని వెంటాడటం దాని స్వభావం. అందుకే రెండింటినీ పెంచేవారు ముందుగా పంజా గురించే భయపడతారు. కానీ బరువు, గాలి, కరెంటు, దోమల మందు కూడా అంతే జాగ్రత్తగా చూసుకోవాల్సిన విషయాలు.

మొదట బరువు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న తొట్టెలో 54 లీటర్ల నీరు పడుతుంది. అంటే నీటి బరువే 54 కిలోలు. కదలని, వెడల్పాటి స్టాండుపై ఉంచితే నాలుగైదు కిలోల పిల్లి దాన్ని పడదోయడం కష్టం. బల్ల అంచున పెట్టిన అయిదు లీటర్ల గాజు గిన్నె సంగతి వేరు. దాని బరువు దాదాపు పిల్లి బరువంతే!

మూత తప్పనిసరి. అలాగని గాలి చొరకుండా మూసేయకూడదు. చేపలకు కావాల్సిన ఆక్సిజన్ ఎక్కువగా నీటి ఉపరితలం నుంచే కరుగుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు తగ్గుతుంది. కాబట్టి ఎండాకాలంలో గాలి ఆడే మూత మరింత అవసరం. క్లిప్పులతో బిగించిన గట్టి జాలీ పంజాను ఆపుతుంది, గాలిని రానిస్తుంది. లైటు వెచ్చదనానికి పిల్లి పైకెక్కి కూర్చున్నా కుంగని మూతను ఎంచుకోవాలి.

ఫిల్టర్ వైరు వెంట జారే నీటిచుక్క ప్లగ్గులోకి చేరితే ప్రమాదం. వైరును సాకెట్ కంటే కిందికి వేలాడదీసి మళ్లీ పైకి తీసుకెళ్తే, చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ ఉంటే మరింత భద్రత. వైర్లు కొరికే అలవాటున్న పిల్లి ఉంటే వాటిని గట్టి గొట్టంలోంచి తీసుకెళ్లాలి.

చాలామంది అనుమానించనిది దోమల మందు. స్ప్రేలు, లిక్విడ్ వేపరైజర్లలో ఉండే పైరెత్రాయిడ్ రసాయనాలు చేపలకు తీవ్ర విషం. ఎయిర్ పంపు గదిలోని గాలినే నీటిలోకి పంపుతుంది. అందుకే తొట్టె ఉన్న గదిలో వాటిని వాడకపోవడమే మేలు. ఇదే కుటుంబానికి చెందిన పెర్మెత్రిన్‌ను కుక్కలకు పట్టే పిడుదుల మందుల్లో వాడతారు. దాన్ని విచ్ఛిన్నం చేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. అందువల్ల కుక్కల మందు పిల్లికి రాస్తే ప్రాణం మీదికి రావచ్చు. పశువైద్యులు సూచించిన మందునే రాసి, అది పూర్తిగా ఆరేదాకా పిల్లిని తొట్టెకు దూరంగా ఉంచాలి.