దంపతులు కట్టుకొనిన గది

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెతను విని జంకని గృహిణి యుండదు. కాని యున్న యింటికి ఒక గదిని చేర్చుకొనుట అంత భయపడవలసిన కార్యము కాదనియు, ఆలుమగలు పూనుకొనినచో సగముపైగా స్వహస్తములతోనే చేసికొనవచ్చుననియు మా యనుభవమువలన తెలిసినది.

మాది ఉట్నూరు. మావారు బడిపంతులు. ఇల్లు రెండు గదులది. మోకాళ్ల నొప్పులచే మా అత్తగారు పల్లెలో ఒంటరిగా నుండలేని స్థితికి వచ్చిరి. వానలు పడకమున్నే ఆమెకొక గది కావలెను. సిమెంటుతో కట్టింపవలెనన్న చేతిలోని సొమ్ము చాలదు. మట్టిగోడలు పెట్టుదుమనగా, “పంతులుగారి యింట మట్టిగోడయా!” యని కొందఱు నవ్విరి.

ఇందు నవ్వదగినదేమి? మా చుట్టుపట్ల గోండుగూడెములలో తరతరములుగా వెదురుతడికకు మట్టిమెత్తి చల్లని యిండ్లు కట్టుకొనుచున్నారు. గోడలు మెత్తి అలుకుటలో అచటి స్త్రీల నేర్పు చూడదగినది. 1940 తరువాతి సంవత్సరములలో హైమెన్‌డార్ఫ్ పండితుడును, ఆయన భార్య బెట్టీయును మార్లవాయిలో ఆ గోండుల నడుమనే కాపురముండిరి. 1987లో మరణించిన బెట్టీ సమాధియు అచటనే యున్నది.

మొదట నేల సంగతి. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలువాఱి, మీది గోడను సైతము చీల్చును. కావున రేగడిని దాటి గట్టి మొరము తగులువఱకు పునాది త్రవ్వవలెను. మాకు రెండున్నర అడుగుల లోతున మొరము తగిలినది. రాళ్లు పేర్చి, నేలపై అడుగున్నర యెత్తు కట్టు లేపితిమి. నీటినుండి గోడకు అదియే రక్ష.

మట్టిని పరీక్షించుట సులభము. గాజుసీసాలో మూడవవంతు మట్టివేసి, నీరు నింపి, బాగుగా కుదిపి, ఒక రాత్రి కదల్పక యుంచవలెను. అడుగున ఇసుక, దానిపై ఒండ్రు, మీద జిగటమట్టి పొరలుగా తేరును. జిగట మిక్కుటమైన గోడ పగులును. ఇసుక మిక్కుటమైన రాలును. తగిన మట్టిలో తఱిగిన వరిగడ్డి కలిపి, నీరుపోసి త్రొక్కి, నాలుగైదు దినములు మాగనిచ్చితిమి.

గుంజలకు పాతయింటి టేకు కొంటిమి. వెదురు నీట నానవేసి ఆరినదిగా నుండవలెను. లేనిచో పురుగు తొలిచి పిండిచేయును. గుంజలు పాతుట, తడిక బిగించుట మావారి పని. మట్టి త్రొక్కుట, మెత్తుట మా పని. తొలిపూత ఆఱునపుడు నెఱ్ఱెలు విచ్చుట సహజము. పేడ కలిపిన మెత్తని మలిపూతతో అవి మూసికొనిపోవును. కప్పుపని మాత్రము వడ్రంగికి విడిచితిమి. తలమీద పడగల పనిలో పంతము కూడదు. గూనపెంకులు పఱచి, చూరును గోడకు రెండడుగులు ముందుకు దింపించితిమి.

వేసవి సెలవులు ముగియకమున్నే గది నిలిచెను గాని, చిక్కు గడపయొద్ద వచ్చెను. అరుగు ఎత్తైనది, అత్తగారు మెట్లెక్కలేరు. అందుచే గదినేలను పాతయింటి నేలతో సమముచేసి, లోపలినుండియే ద్వారము పెట్టి, గడప మానితిమి. “గడపలేని గదిలో లక్ష్మి యుండునా?” యని ఆమె చిన్నబోయిరి. వాదింపక, నేలతో సమముగా ఒక టేకుపలక దింపి, పసుపు పూసి, బొట్లు పెట్టితిమి. ఆమె దానికి మ్రొక్కి, కాలు తగులకుండ లోనికి నడచిరి.

మట్టిగదికి ఏటేట అలుకుడు తప్పదు. తొలకరికి ముందు చూరును, పెంకులను, గోడమొదటను చెదలుపుట్టలను చూచుకొనవలెను. ఆ శ్రమ కలదని తెలిసియే పూనుకొనుడు. శ్రమకు వెఱవని సోదరీమణులు మట్టికి సిగ్గుపడవలసిన పనిలేదు.