నేల కడుపులోని విషాన్ని తోడే కేంద్రం

నాగసాకిపై పడ్డ బాంబుకు ప్లుటోనియం అమెరికాలోని హాన్‌ఫోర్డ్‌లో తయారైంది. 1943లో కట్టడం మొదలైన అక్కడి కర్మాగారాలు దశాబ్దాలపాటు వ్యర్థజలాలను నేలలోకే వదిలాయి. అవి ఇంకి భూగర్భజలం పాడైంది. పక్కనే కొలంబియా నది!

2012లో అక్కడ పెద్ద శుద్ధి కేంద్రం పని మొదలుపెట్టింది. బావుల్లోంచి మోటార్లు నీటిని తోడుతాయి. సన్నటి పూసల్లాంటి రెజిన్ గింజలు రేడియోధార్మిక టెక్నీషియంను పట్టేస్తాయి. మొదట్లో నైట్రేట్ పని పట్టినవి సూక్ష్మజీవులు; వాటికి మేత వేసి మరీ పెంచేవారు. పొడవాటి స్తంభాల్లో నీరు పైనుంచి జారుతుంటే, కిందినుంచి కొట్టే గాలి కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను లాక్కుపోతుంది.

శుభ్రపడిన నీటిని మళ్లీ భూమిలోకే ఎక్కిస్తారు. 2008 ప్రణాళిక ప్రకారం ఇలా తోడాల్సింది 25 ఏళ్లు. మిగిలిన విషం సహజంగా తగ్గడానికి మరో 100 ఏళ్లు.