అక్కినేని శ్రీకర్ ప్రసాద్

అక్కినేని శ్రీకర్ ప్రసాద్ భారతీయ చలనచిత్ర రంగంలో పేరెన్నికగన్న ఎడిటర్ (కూర్పరి). చెన్నైకి చెందిన తెలుగువాడైన ఈయన తెలుగు, తమిళం, మలయాళం, హిందీ, అస్సామీ మొదలైన పలు భాషల చిత్రాలకు కూర్పు నిర్వహించాడు. జాతీయ చలనచిత్ర పురస్కారాలను తొమ్మిది పర్యాయములు అందుకొన్నాడు.

కుటుంబ నేపథ్యము

ఈయన తండ్రి అక్కినేని సంజీవి ఎడిటర్, దర్శకుడు. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కార గ్రహీత ఎల్.వి.ప్రసాద్ ఈయనకు పెదనాన్న. శ్రీకర్ ప్రసాద్ మద్రాసు విశ్వవిద్యాలయంలో సాహిత్యము అభ్యసించి పట్టభద్రుడయ్యాడు. ఆ తరువాత తండ్రి వద్ద తెలుగు చిత్రాలకు పనిచేస్తూ కూర్పు నేర్చుకొన్నాడు.

కూర్పు విధానము

35 ఎం.ఎం. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అనగా రెండున్నర గంటల చిత్రానికి 13,500 అడుగులు. చిత్రీకరించినది ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. పూర్వము ఎడిటర్ ఆ ప్రింటును చేతితో కత్తిరించి, టేపుతో అతికించేవాడు. నిర్ణయము మార్చుకొంటే అతుకు విప్పి మరల అతికించవలసి వచ్చేది. తరువాత కంప్యూటర్లు వచ్చి ఈ శ్రమను తగ్గించాయి. అయితే ఏ షాటు, ఎక్కడ, ఎంతసేపు ఉండాలన్న వివేచన మాత్రం మనిషిదే. శ్రీకర్ ప్రసాద్ ఈ రెండు పద్ధతులలోను పనిచేసిన తరానికి చెందినవాడు.

వృత్తి జీవితము

ఆమిర్ ఖాన్ నటించిన హిందీ చిత్రం రాఖ్ (1989) ఈయనకు తొలి జాతీయ పురస్కారము తెచ్చిపెట్టింది. ఆ చిత్ర ఛాయాగ్రాహకుడు సంతోష్ శివన్ దర్శకత్వము వహించిన ది టెర్రరిస్ట్ (1998) చిత్రానికీ ఈయనకు పురస్కారము లభించింది.

అలైపాయుదే (2000)తో మణిరత్నంతో అనుబంధము మొదలైంది. తెలుగులో సఖిగా అనువాదమైన ఈ చిత్రంలో, ఇంటికి రాని భార్యకోసం భర్త వెదకులాటతో కథ ఆరంభమవుతుంది. వారి ప్రేమ, వివాహము, కలతలు ఆ వెదకులాట నడుమ గతముగా వస్తాయి. కాలము ముందువెనుకలైనా ప్రేక్షకుడు తికమకపడకుండుట ఇక్కడ కూర్పరి నైపుణ్యము. నందితా దాస్ ఫిరాక్ (2008)లో గుజరాత్ అల్లర్ల అనంతరము పలువురి జీవితాలు సమాంతరంగా సాగుతాయి. ఒకరి కథనుండి మరొకరి కథకు ఏ క్షణాన మరలాలన్నదే అందులోని సమస్య. ఈ చిత్రానికీ ఈయన పురస్కారము పొందాడు.

పురస్కారాలు

కథాచిత్రాల విభాగంలో ఉత్తమ ఎడిటర్ పురస్కారము పొందిన చిత్రాలు:

* రాఖ్ (హిందీ)
* రాగ్ బిరాగ్ (అస్సామీ)
* ది టెర్రరిస్ట్ (తమిళం)
* వానప్రస్థం (మలయాళం)
* కన్నత్తిల్ ముత్తమిట్టాల్ (తమిళం, తెలుగులో అమృత)
* ఫిరాక్
* శివరంజనియుం ఇన్నుం సిల పెణ్గళుం (తమిళం)

ఇవిగాక నౌకాచరితము అనే లఘుచిత్రానికి ఒకటి, జ్యూరీ ప్రత్యేక పురస్కారము ఒకటి లభించాయి.

తెలుగు చిత్రాలు

ఒక్కడు (2003), అతడు (2005), ఆర్.ఆర్.ఆర్. (2022) ఈయన కూర్చిన ప్రముఖ తెలుగు చిత్రాలు. తెలుగులో పని నేర్చినా, పై జాబితాలో తెలుగు కథాచిత్రం ఒక్కటీ లేకపోవడం గమనార్హము. మంచి కూర్పు కంటికి కనబడదు. ప్రేక్షకుడు కథలో లీనమై కత్తెరను మరచిపోతాడు. అందువలన కోట్లాదిమంది ఈయన చిత్రాలను చూచినా, ఈయన పేరు తెలిసినవారు తక్కువ.