13.24 శాతం అంటే ఎంతమంది? ముందు అడగాల్సింది 'దేనిలో' అని

2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది. ఆ నగర శివార్లలోని బతు బస్తీలో తెలుగు మాట చెవిన పడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో 13.24 శాతం మందికి మాతృభాష తెలుగే.

మరి తలల లెక్కలో ఎందరు? ఆ ఏడాది దీవుల జనాభా 3,80,581. అందులో 10 శాతం కావాలంటే చివరి అంకె వదిలేస్తే చాలు, 38,058. 3 శాతం 11,417. మిగిలిన 0.24 శాతం, అంటే ఒక శాతంలో పావు కన్నా కాస్త తక్కువ, 913. మూడూ కలిపితే 50,388. సుమారు 50,400 మంది అనుకోవచ్చు.

గుణకారంలో పిల్లలు పెద్దగా తడబడరు. దేన్ని గుణించాలన్న దగ్గరే చిక్కు. ఇక్కడ మన భాషే దారి చూపిస్తుంది. 'జనాభాలో', 'జీతంలో', 'నిరుటి కంటే' అన్నప్పుడు 'లో', 'కంటే'లకు ముందున్న మాటే మొత్తం. లెక్క చదవగానే దాని కింద గీత గీసుకుంటే సగం పని అయినట్టే.

పెద్దలూ ఇక్కడ పొరబడతారు. బతు బస్తీలో వెయ్యి ఇళ్లు తీసుకుంటే 132 తెలుగువాళ్లవేనని చెప్పడం లెక్క కాదు, ఊహ. 13.24 శాతం దీవులన్నిటి సగటు. తెలుగువాళ్లు ఒకచోట గుంపుగా, మరోచోట పలచగా ఉంటారు. స్కూలుకు తెలుగు టీచర్ కావాలని అర్జీ పెట్టేవాళ్లు ఈ సగటు చూపిస్తే నష్టపోయేది వాళ్లే కావచ్చు. చూపాల్సింది ఆ స్కూలు పిల్లల్లో తెలుగువాళ్ల వాటా.

మొత్తం మారితే శాతం ఎలా మారుతుందో నికోబార్ జిల్లా చెబుతుంది. 2001లో అక్కడి జనాభా 42,068. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. 2011 నాటికి జనాభా 36,842. తగ్గింది 5,226 మంది, అంటే 2001 జనాభాలో 12.42 శాతం. మళ్లీ 12.42 శాతం పెరిగితే పాత సంఖ్య వచ్చేస్తుందా? రాదు. ఇప్పుడు మొత్తం 36,842. అందులో 12.42 శాతం 4,576 మాత్రమే. ఇంకా 650 మంది తక్కువ. 42,068కి చేరాలంటే 14.18 శాతం పెరగాలి.