కొనుడెందుకు తమ్మీ, తెచ్చి సాదుకుందం

పోయిన నెల ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, నువ్వు పట్నం తిరుగుతుంటవు గదా, హస్కీ పిల్ల ఎక్కడన్న అగ్వకు దొరుకుతదా? ఇరవై వేల దాక పెడ్త" అన్నడు. ఆయన ఇంటికి పైన రేకులు. ఎండకాలం మా దిక్కు నిప్పులు కురుస్తయి. హస్కీ అంటే సైబీరియా మంచుల బండ్లు గుంజనీకె పెంచిన జాతి. ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటది. "నువ్వు ఫ్యాన్ కిందనే ఆగలేవు, అదెట్ల ఆగుతది తమ్మీ?" అంటే నవ్విండు. "రీల్స్‌ల మస్తు కనిపిస్తదన్నా" అన్నడు.

గదే వారంల మా ఊరి చెరువు కట్ట మీద ఒక యూరియా సంచి కదులుతుంటే ఇప్పి చూసిన. నాలుగు కుక్కపిల్లలు. కండ్లు తెరిచి వారం గూడ అయ్యుండదు. నాలుగూ ఆడియే. మగపిల్లలను ఉంచుకుని ఆడియి పారేసుడు మన ఊర్లల్ల కొత్త ముచ్చట కాదు. ఆడపిల్ల అంటే మనుషులకే కాదు, కుక్కలకు గూడ గదే గతి.

ఒక దిక్కు వేలు పోసి కొనుడు, ఇంకో దిక్కు సంచిల కట్టి పారేసుడు. ఈ రెండిటి నడుమ దత్తత అనే తొవ్వ ఒకటి ఉన్నది. దాని గురించి మన ఊరి పోరగాండ్లకు చెప్పేటోళ్లు తక్కువ. అందుకే రాస్తున్న.

దత్తత అంటే ఏంది?

దిక్కులేని, దెబ్బలు తాకిన, ఓనర్లు వదిలేసిన జంతువులను తెచ్చి బాగుచేసి, సాదుకునేటోళ్లకు అప్పజెప్పే సంస్థలున్నయి. హైదరాబాద్‌ల బ్లూ క్రాస్‌ను 1992ల అక్కినేని అమల మొదలువెట్టిన్రు. పెద్ద షెల్టర్లే కాకుండ, నలుగురైదుగురు కలిసి వాట్సాప్ గ్రూపుల మీదనే నడిపే చిన్న టీములు గూడ ఉంటయి.

అక్కడ ఎక్కువ మన దేశీ కుక్కలే. జాతి కుక్కలు గూడ ఉంటయి. పిల్లగున్నప్పుడు ముద్దుగున్నదని కొని, పెరిగినంక తిండి పెట్టలేక, రోగమొస్తే చూపించలేక వదిలేసినయి. 2003ల హచ్ ఫోన్ యాడ్ వచ్చినంక దేశమంత పగ్ కుక్కల పిచ్చి లేసింది. మూతి సొట్టగ ఉంటది గాబట్టి దానికి ఊపిరి సరిగ్గ ఆడదు, ఎండల ఇంకా కష్టం. గది యాడ్‌ల చెప్పలే.

దేశీ కుక్క అంటే చిన్నచూపు చూస్తం. 1957ల భూమి చుట్టు తిరిగిన మొదటి జీవి లైకా. అది మాస్కో గల్లీల దొరికిన కుక్క. చలికి, ఆకలికి ఓర్చుకుంటదని అసోంటి వీధి కుక్కలనే ఎంచుకున్నరు. మన ఎండకు, మన వానకు ఓర్చుకునేది గూడ మన గల్లీ కుక్కనే.

దత్తతల కుక్కకు ధర ఉండదు. కొందరు టీకాలకు, ఆపరేషన్‌కు అయిన ఖర్చుల కొంత అడుగుతరు, గది న్యాయమే. గాని కుక్కను చూపియ్యకముందే "ట్రాన్స్‌పోర్ట్ పైసలు ఫోన్‌పే కొట్టు" అంటే అనుమానపడు. పోయి కండ్లతోని చూసినంకనే మాట్లాడు.

గన్ని ప్రశ్నలు ఎందుకు?

పోయినోళ్లను షెల్టరోళ్లు మస్తు అడుగుతరు. సొంత ఇల్లా, కిరాయా? ఇంట్ల అందరు ఒప్పుకున్నరా? పొద్దంత ఎవరుంటరు? ఊరికి పోతే ఎవరు చూస్తరు? ఆధార్ అడుగుతరు, కాయితం మీద సంతకం పెట్టిపిస్తరు, కొందరు ఇల్లు చూడనీకె వస్తరు. "పల్లెటూరోళ్లమని అనుమానిస్తున్నరా?" అని మనకు రోషమొస్తది. నాకు గూడ వచ్చేది.

ఆరేడేండ్ల కింద నేను ఒక పిల్లను పక్క ఊరాయనకు ఇచ్చిన. ఒక్క మాట అడగలే. టీకా ఎప్పుడెయ్యాలెనో చెప్పలే. రెండు నెలలు తిరగకముందే పార్వో వచ్చి, నెత్తురు విరేచనాలయి మూడు దినాలల్ల సచ్చిపోయింది. ఆయన తప్పెంతనో నా తప్పు అంత. ఆ ప్రశ్నలు ఎందుకడుగుతరో నాకు అప్పుడు సమజైంది.

అందుకే లెక్క చెప్త, యాదికుంచుకో. ఆరు నుంచి ఎనిమిది వారాలకు పార్వో, డిస్టెంపర్ టీకా. మూడు నెలలకు రేబిస్ టీకా. తర్వాత డాక్టర్ చెప్పినట్టు బూస్టర్లు, ఏటేటా రేబిస్ సూది. నట్టల మందు తప్పద్దు. ఆరు నెలలు దాటినంక డాక్టర్‌ను అడిగి కు.ని. ఆపరేషన్. ఉల్లిగడ్డ, చాక్లెట్, ద్రాక్ష పెట్టద్దు, కుక్కకు విషం. ఉడికిన కోడి బొక్కలు పలుకులుగ విరిగి పేగులకు గుచ్చుకుంటయి. కుక్క పది పన్నెండేండ్లు బతుకుతది. గిప్పుడు నువ్వు ఇంటర్ చదువుతుంటే, నీ పెండ్లి నాటికి గూడ అది నీ వాకిట్ల ఉంటది. అంత దూరం ఆలోచించి తెచ్చుకో.

జంతువును దిక్కులేకుండ వదిలేసుడు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. పొద్దస్తమానం గొలుసుకు కట్టేసి తిప్పకుండ ఉంచుడు గూడ నేరమే. జుర్మానా ఎంతనో ఎరుకేనా? మొదటిసారైతే పది నుంచి యాభై రూపాయలు. అరవై ఏండ్లు దాటినా గదే లెక్క. చట్టం దృష్టిల ఆ పాణం విలువ ఒక టిఫిన్ ఖర్చు.

మరి పిల్లల పాణం సంగతేంది?

ఈ మాట ఎవరన్న అడిగితే నేను కోపం చెయ్య. 2023 ఫిబ్రవరిల అంబర్‌పేటల కుక్కలు ఒక పసిపిల్లగాన్ని చంపినయి. ఆ తల్లిదండ్రుల ముంగట కుక్కల ప్రేమ గురించి మాట్లాడే ముఖం ఎవరికున్నది? రేబిస్ లక్షణాలు బయటపడితే మనిషి బతుకుడు దాదాపు లేదు. కుక్క కరిస్తే పసర్లు, మంత్రాలు బంద్ పెట్టి, ధార నీళ్లతోని సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు కడిగి, గదే దినం సర్కారు దవాఖానకు పోవాలె. అన్ని సూదులు పూర్తిగ ఏసుకోవాలె.

గాని విషం పెట్టి చంపితే భయం పోతదా? ఒక మందను చంపితే ఖాళీ అయిన జాగలకు టీకాల్లేని ఇంకో మంద వస్తది. ఆడకుక్క రెండు నెలలు మోసి ఈనుతది, ఏడాదికి రెండుసార్లు ఈనొచ్చు. ఈతకు ఐదు లెక్కన పది పిల్లలు. ఒక్క ఆపరేషన్‌తోని ఆ పదీ ఆగుతయి. మందు ఈడ ఉన్నది, విషంల లేదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు గూడ, వీధి కుక్కను దత్తత తీస్కుంటమంటే మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చన్నది. తీస్కున్నంక మళ్ల వీధిల కనిపించద్దన్నది. దత్తత తీస్కునుడంటే పుణ్యం కోసం చేసే పని అనుకోకు, ఊరి బాధ్యతల నీ వంతు మోసుడు.

ఊర్ల ఉన్నోళ్లు ఏం చెయ్యాలె?

షెల్టర్ మనకు వంద కిలోమీటర్ల దూరం. గాని మన గల్లీల ఈనిన కుక్క దూరం లేదు. నాలుగిండ్లోళ్లు మాట్లాడుకుని ఇంటికొక ఆడపిల్లను పంచుకోండ్రి. ఏటా జులై 6న జూనోసిస్ దినం నాడు పశువుల దవాఖానలల్ల కుక్కలకు రేబిస్ సూది ఫ్రీగ ఏస్తరు. 1885ల గదే తారీఖున పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లగానికి రేబిస్ టీకా ఇప్పించిండు. ఆపరేషన్ సంగతి పశువుల డాక్టర్‌నే అడుగుండ్రి. ఒక్కడు పోయి అడిగితే "చూద్దంతీ" అంటరు, యూత్ అంత కలిసి దరఖాస్తు పట్టుకుని పోతే జవాబు చెప్పాలె. గ్రామసభల గూడ లేవట్టుండ్రి.

సంచిల దొరికిన నాలుగిట్ల ఒకటి రెండో దినమే పోయింది. రెండిటికి ఇండ్లు దొరికినయి, ఈసారి అన్నీ అడిగినంకనే ఇచ్చిన. ఇంకొకటి మా వాకిట్ల చెప్పులు కొరుక్కుంట తిరుగుతున్నది. ఏడు వారాలొచ్చినయి, మొదటి సూది పడ్డది. హస్కీ అడిగిన తమ్ముడు మొన్న వచ్చి చూసిండు, గంట సేపు దాంతోని ఆడిండు. "తీస్కపోతవా?" అంటే, "మా అమ్మను అడిగి చెప్తన్నా" అన్నడు.

గా మాట నాకు మస్తు నచ్చింది.